సొంత వ్యాపారం లెక్కలు, 4వ పాఠం: మీ కూలీ ఎక్కడ రాశారు?

ఈసారి జీఎస్టీ గురించి చెప్పాలనుకున్నాను. మీరు పంపిన జమాఖర్చు పేజీలు చూశాక దాన్ని పక్కన పెట్టేశాను. ముందు ఇవి సరిచేద్దాం.

మొదటిది చిన్నది. డ్వాక్రా సంఘం లోను చేతికొచ్చిన రోజు దాన్ని అమ్మకాల్లో రాయకండి, అది అప్పు. కంతు కట్టినప్పుడు వడ్డీ మాత్రమే ఖర్చు. అసలు కట్టింది అప్పు తగ్గడం.

అసలు తలనొప్పి రెండోది. దాదాపు ఏ పేజీలోనూ మీ కూలీ లేదు! "నా పనికి నేనే కూలీ ఇచ్చుకునేదేంది మేడం?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఇచ్చుకోవాలి.

తిరుపతి బస్టాండు దగ్గర ఒక టిఫిన్ బండి అనుకుందాం. ప్లేటు 30 రూపాయలు, రోజుకు 80 ప్లేట్లు, అమ్మకం 2,400. సరుకు ప్లేటుకు 17 చొప్పున 1,360. గ్యాస్ 150, గిన్నెలు కడిగే మనిషికి 300, పార్శిల్ కవర్లు 40. మిగిలింది 550. ఆమె 'లాభం 550' అని రాసి సంతోషపడుతుంది.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి, చట్నీ, పెనం అన్నీ చూసుకునేది ఎవరు? ఆమెకు జ్వరమొస్తే ఆ పనికి ఒక మనిషిని పెట్టాలి. ఆ మనిషి రోజుకు 500 అడుగుతుందనుకోండి. అప్పుడు లాభం 50. అంటే ఆమె ఇన్నాళ్లూ తెచ్చుకుంటున్నది కూలీ, వ్యాపారం ఇచ్చింది 50 మాత్రమే. గ్రైండర్ పాడైతే ఆ యాభైలోంచే బాగుచేయించాలి.

ప్లేటు 35 చేస్తే? రోజుకు పది ప్లేట్లు తగ్గాయనే అనుకుందాం. 70 ప్లేట్లకు 2,450 వస్తుంది, సరుకు 1,190. మిగతా ఖర్చులు 490, ఆమె కూలీ 500 తీసేస్తే 270 నిలుస్తుంది. కూలీ రాయని పుస్తకం చూసుకుంటే, 550 వస్తున్నాయి కదా అని ధర ముట్టుకోవడానికే భయపడేది.

ఇల్లు మొత్తం మీ సంపాదన మీదే నడుస్తుంటే ఇది ఇంకా ముఖ్యం. బియ్యం, పిల్లాడి ఫీజు, అత్తగారి మందులు అన్నీ అదే డబ్బాలోంచి పోతాయి. నెలాఖరుకు డబ్బా ఖాళీ అయితే వ్యాపారం దెబ్బతిందో ఇల్లు తినేసిందో తెలియదు. రోజూ బండి మూసేటప్పుడు మీ కూలీ తీసి ఇంటి పర్సులో వేయండి. ఇల్లు దాంతోనే నడవాలి. చాలకపోతే డబ్బాలోంచి తీసుకోండి, కానీ 'ఇంటికి అప్పు' అని రాయండి. దీనికి యాప్‌లున్నాయి, నాకు మాత్రం రెండు పర్సులే ఇష్టం.

అన్నట్టు, బండి మీద స్కానర్ ఎవరి అకౌంట్‌ది? చాలామందిది కొడుకుదో భర్తదో. మార్చేయండి. ముద్ర పథకంలో శిశు రకం కింద 50,000 దాకా తనఖా లేకుండా లోను ఇస్తారు. రేపు బ్యాంకులో మీ వ్యాపారం ఏదని అడిగితే అమ్మకాలు మీ పేరున కనపడాలి.

అభ్యాసం: మీరు చేసే పనికే మీ చుట్టుపక్కల రోజు కూలీ ఎంత ఇస్తున్నారో ముగ్గురు యజమానులను అడగండి. వాళ్లు చెప్పిన వాటిలో మధ్య అంకె మీ కూలీ. దాంతో పదిహేను రోజుల లెక్క తిరగరాయండి. యాత్రికుల రద్దీ ఉండే శని, ఆదివారాలు వేరే పేజీలో రాయండి. కూలీ పోగా మిగిలింది ఎర్ర పెన్నుతో రాయండి, సున్నా కన్నా తగ్గినా సరే. ఆ పేజీలు చూశాకే జీఎస్టీ.