కట్టెల పొయ్యికి కొత్త సామాను కొనే ముందు పాతది ఎందుకు పోయిందో చూడండి

నరసన్నపేటలో మాది చిన్న టిఫిన్ హోటల్. ఇడ్లీ, దోసె గ్యాస్ మీద చేస్తాం. సాంబారు, మధ్యాహ్నం అన్నం మాత్రం కట్టెల పొయ్యి మీదే. బయట రేకు, లోపల మట్టి పూత, అడుగున కట్టెలు ఆనే బీడు (పోత ఇనుము) ఊచల గ్రేటు, వెనక పొగగొట్టం, పక్కన చిన్న ఫ్యాను ఉన్న రెడీమేడ్ పొయ్యి అది. నాలుగేళ్ల కిందట గ్రేటు 400 రూపాయలకి తెచ్చాను. మొన్న సంక్రాంతి ముందు అది విరిగింది, అలాంటిదే కొత్తది 950 అన్నారు, రవాణా ఖర్చు వేరే. పండగ ఆర్డర్లు ఉన్నాయి, చేతిలో అంత డబ్బు లేదు. చాలా టెన్షన్ పడ్డాను. ఆ రాత్రి విరిగిన గ్రేటు ముందేసుకుని కూర్చుంటే అసలు సంగతి తెలిసింది.

మీరూ ముందు అదే చెయ్యండి. పోయిన ముక్కని చేతిలోకి తీసుకుని వెలుతురులో చూడండి. ఊచలు మధ్యలో కిందికి వంగి, పైన పొరలు పొరలుగా రాలుతున్నాయంటే అది బూడిద వల్ల. ఊచల సందుల్లోంచి పైకొచ్చే గాలే మంటని రగిలిస్తుంది, ఊచల్ని చల్లగానూ ఉంచుతుంది. కింద బూడిద గ్రేటుకి తగిలేదాకా పేరుకుంటే గాలి ఆగిపోతుంది, ఇనుము ఎర్రగా కాగి వంగిపోతుంది. వంపు లేకుండా గాజు పగిలినట్టు విరిగిందంటే అది నీళ్ల వల్ల. కాగిన బీడు మీద నీళ్లు పడితే అక్కడికక్కడే బీట వేస్తుంది.

మా గ్రేటులో రెండూ కనబడ్డాయి. రాత్రి కట్టెలు మిగుల్చుకోవాలని మేమే చెంబుడు నీళ్లు పోసి ఆర్పేవాళ్లం. ఇప్పుడు కట్టెలు బయటికి లాగి ఇసుక తట్టలో గుచ్చుతున్నాం. గ్రేటు కింది బూడిద సొరుగు సగం నిండకముందే తీసేస్తున్నాం, రోజుకి రెండుసార్లు.

బీడు ముక్కకి మామూలు వెల్డింగ్ చేయిస్తే నిలవదు, అతికిన చోటు పక్కనే మళ్లీ విరుగుతుంది. ఆ డబ్బు వృథా చేసుకోకండి. దాని బదులు కడ్డీలతో కొత్తది చేయించుకోండి. పాత గ్రేటుని అట్ట మీద పెట్టి పెన్సిల్‌తో గీసి, ఆ అట్ట కత్తిరించి పట్టుకెళ్లండి. పాత ఇనుము కొట్లో ఇళ్లు కట్టగా మిగిలిన 16 మిల్లీమీటర్ల కడ్డీ ముక్కలు దొరుకుతాయి. సన్నవి వద్దు, త్వరగా కాలిపోతాయి. జింకు పూత ఉన్న జీఐ పైపు అస్సలు వద్దు. వేడికి ఆ పూత నుంచి వచ్చే పొగ విషం.

మాకు పది కడ్డీలు పట్టాయి, మధ్య సందు వేలు పట్టేంత. నేను రెండు చివరలూ గట్టిగా అతికించమన్నాను. వెల్డింగ్ అబ్బాయి ఒప్పుకోలేదు. "పిన్నీ, రెండో పక్క ఒగ్గేద్దాం. ఇనుము కాగితే సాగుతాది, దానికి జాగా ఉండాల కదా" అన్నాడు. అతని మాటే నిజం. అడుగు పొడవున్న కడ్డీ బాగా ఎర్రబడితే రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు వైపులా బిగిస్తే ఎటూ పోలేక మధ్యలో లేస్తుంది. అందుకని ముందు వైపు పట్టీకి అతికించి, వెనక చివరలు యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) మీద ఊరికే ఆనేలా పెట్టాడు. ఒక కడ్డీ పోతే ఆ ఒక్కటే కోసి మార్చుకోవచ్చు. కడ్డీలకి 220, కూలి 120 అయ్యాయి. పండగ సాంబారు దాని మీదే కాగింది.

లోపలి పూత కొనాల్సిన వస్తువే కాదు. కంపెనీ మట్టి పూత పగిలిందని కొత్తదానికి డబ్బు పెట్టకండి. పుట్టమన్ను మూడు డబ్బాలు, ఇసుక ఒకటి, ఊక ఒకటి, గుప్పెడు పేడ. పసుపు కుంకుమ పెట్టే పుట్ట జోలికి మాత్రం వెళ్లకండి, పాడుపడిన పుట్టలు పొలం గట్ల మీద చాలా ఉంటాయి. మన్నుని రాత్రంతా నానబెట్టాలి. "మన్ను నానితేనే మాట ఇంటాది" అనేది మా అమ్మ. పొద్దున్న కాళ్లతో తొక్కి, నిమ్మకాయంత ఉండ చేసి ఎండబెట్టి చూడండి. బీటలు వేస్తే ఇసుక చాలలేదు, నలిపితే పొడి రాలితే మన్ను చాలలేదు. పాత పూత గీకి, తడి చేసి, కొత్తది రెండు వరసలుగా వెయ్యండి. నీడలో అయిదు రోజులు ఆరనివ్వండి. మొదటి రోజు కొబ్బరి మట్టలతో చిన్న మంట చాలు. తొందరపడి పెద్ద మంట పెడితే లోపలి తడి ఆవిరై పెచ్చులు ఊడతాయి. సిమెంటు కలపొద్దు, మంటకి అది నిలవదు.

పూతకీ బయటి రేకుకీ మధ్య ఖాళీ ఉంటే రైస్ మిల్లు ఊక బూడిద కూరండి. వేడిని బాగా ఆపుతుంది, రేకు త్వరగా కాలిపోదు. కూరేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి.

పొగగొట్టం పోయేది ఎక్కువగా పచ్చి కట్టెల వల్ల. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు పడిపోయాయి. ఆ కట్టెలు చవగ్గా వస్తే తెచ్చి, ఆరకుండానే మంటలో పెట్టాం. నాలుగు నెలల్లో గొట్టం లోపల తారులా నల్లటి జిగురు పట్టి, కింది ముక్క తుప్పుతో చిల్లులు పడింది. ఇప్పుడు సరుగుడు చీల్చి, ఎండిందే వాడతాం. రెండు ముక్కలు కొట్టి చూస్తే ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి మొద్దుగా పలుకుతాయి. చవగ్గా వస్తాయని జీడి పిక్కల తొక్కు పొయ్యిలో వెయ్యకండి. దాని నూనె పొగ కళ్లు మండిస్తుంది, గొట్టానికీ పట్టేస్తుంది.

గొట్టం మొత్తం మార్చక్కర్లేదు. ముందు పోయేది కింది రెండడుగులే, అది మాత్రం జింకు పూత లేని మందమైన నల్ల రేకుతో చేయించండి. పదిహేను రోజులకోసారి పొయ్యి చల్లారాక తాడుకి కొబ్బరి పీచు కట్టి పైనుంచి లాగండి. పాత ఆస్బెస్టాస్ గొట్టం ఊరికే ఇచ్చినా వద్దు. వేడికి పగులుతుంది, దాని దుమ్ము ఊపిరితిత్తులకి చేటు.

ఫ్యాను ఆగితే ముందు బూడిద దులిపి, తిరిగే చోట చుక్క నూనె వేసి చూడండి. అయినా తిరక్కపోతే దాని మీద రాసిన వోల్టేజీ చూసుకుని, అంతే ఉన్న పాత కంప్యూటర్ ఫ్యాను పెట్టించండి. మాది 12 వోల్టులు, ఏడాదిగా ఆగలేదు.

గ్రేటు కొలత అట్టని మడవకుండా గోడకి మేకు కొట్టి తగిలించాను. దాని పక్కనే మూడు కడ్డీలు అదే పొడవున కోయించి, తుప్పు పట్టకుండా నూనె రాసి పెట్టాను.