జనంతో మాట్లాడటం నేర్చుకుందాం – 4వ పాఠం: చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే

పోయిన పాఠంలో పని పూర్తయ్యాక ఊరికి లెక్క ఎలా చెప్పాలో చూశాం. ఈసారి పని ఆగిపోయినప్పుడు. కొత్తగా గెలిచిన సర్పంచులు, వార్డు సభ్యులు చాలామంది ఇక్కడే నోరు మెదపరు, ఆ మౌనంలోంచే పుకార్లు పుడతాయి.

ముందు ఒక నమూనా చూడండి. 1933లో అమెరికాలో జనం భయంతో బ్యాంకుల్లోంచి డబ్బంతా తీసేసుకుంటుంటే, కొత్తగా వచ్చిన అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దేశమంతా బ్యాంకులు మూయించి, మార్చి 12 ఆదివారం రాత్రి రేడియోలో మాట్లాడాడు. భయపడొద్దన్న మాట చివర్లో వస్తుంది. ముందు అసలు సంగతి చెప్పాడు: మీరు వేసిన డబ్బును బ్యాంకు బీరువాలో దాచదు, అప్పులిచ్చి తిప్పుతుంది, అందరూ ఒకేసారి వచ్చి అడిగితే ఎంత మంచి బ్యాంకయినా ఇవ్వలేదు అని. తర్వాత ఏ రోజు ఎక్కడ తెరుస్తారో చెప్పాడు, సోమవారం 12 నగరాల్లో, మంగళవారం ఇంకొన్నిచోట్ల, బుధవారం నుంచి చిన్న ఊళ్లలో. మీ బ్యాంకు సోమవారం తెరవకపోతే ఇక తెరవదనుకోవద్దని కూడా అన్నాడు. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ మాటే, సోమవారం పొద్దున తాళం చూసే మనిషి టెన్షన్‌ని ఆదివారం రాత్రే ఊహించాడు. బ్యాంకులు తెరిచాక జనం తీసిన డబ్బు తిరిగి వేయడానికి వరుస కట్టారు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మోటారు కాలిపోయి నీళ్లు రావట్లేదు. ‘సాంకేతిక కారణాల వల్ల నీటి సరఫరాకు అంతరాయం, ప్రజలు సహకరించగలరు’ అని మాత్రం రాయకండి, అందులో ఎవరికీ పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. ఇలా రాయండి:

‘నిన్న రాత్రి లో వోల్టేజీకి బోరు మోటారు కాలిపోయింది. పొద్దున్నే వైండింగుకు పంపాం, రేపు సాయంత్రానికి ఇస్తామన్నారు. అప్పటిదాకా ట్యాంకరు పొద్దున 6కి బడి దగ్గరికి, 7కి చివరి వీధికి వస్తుంది. రేపు రాత్రికి నీళ్లు రాకపోతే వైండింగు ఆలస్యమైందని అర్థం. వచ్చినా రాకపోయినా 8 గంటలకు నేనే మళ్లీ చెబుతాను.’

చివరి వీధి టైము తప్పకుండా రాయాలి, ఎప్పుడూ నీళ్లు చాలనిది వాళ్లకే. ‘త్వరలో’ అన్న మాట ఎక్కడ కనిపించినా కొట్టేసి రోజు, గంట వేయండి.

అభ్యాసం: ఈ నెల పింఛను రెండు రోజులు ఆలస్యమవుతుందని ఆరు వాక్యాల్లో రాయండి. రాసింది ఇంట్లో పెద్దావిడ ఎవరికైనా చదివి వినిపించండి. ఆమె తిరిగి ఏం అడిగిందో అదే మీరు రాయడం మరిచిన వాక్యం, దాన్ని చేర్చి ఉంచుకోండి, 5వ పాఠంలో కోపంగా అడిగేవాళ్లకు జవాబు రాసేటప్పుడు మళ్లీ కావాలి.