బావి లోతు 75 మీటర్లా? భౌతికశాస్త్ర లెక్కల్లో దొర్లే తప్పులు, దిద్దుకునే తీరు

నల్లగొండలో పదో తరగతి పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నప్పుడు, సూత్రం సరిగ్గానే రాసి సమాధానం తప్పు తెచ్చుకున్నవారే నాకు ఎక్కువగా కనిపిస్తారు. వారిని మళ్లీ సూత్రాలు బట్టీ పట్టమనడం అన్యాయం. తప్పు ఎక్కడ దొర్లిందో వారికి చూపించాలి.

సమస్య: సమాధానం నమ్మేటట్టు లేదు.

బావి గట్టు నుంచి సెకనుకు 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరిన రాయి 3 సెకన్లకు నీటిని తాకితే, గట్టుకు నీరు ఎంత కింద ఉంది? ఒక అమ్మాయి వేగాన్ని కాలంతో గుణించి 30 అని, గురుత్వ త్వరణం 10గా తీసుకుని దానిలో సగాన్ని కాలవర్గంతో గుణించి 45 అని రాసి, రెండూ కూడి 75 మీటర్లని కింద రెండు గీతలు గీసింది. ఆ పేజీలో బొమ్మ మాత్రం లేదు.

కారణం: రాయి వేగం పైకి, త్వరణం కిందికి ఉండగా రెండింటికీ ఒకే గుర్తు పెట్టడం.

పరిష్కారం: మొదట బావి బొమ్మ గీసి, పక్కన పైకి ఒక బాణం వేసి, అది ధన దిశ అని రాసుకోవాలి. అప్పుడు త్వరణం రుణం అవుతుంది. 30లోంచి 45 తీసివేస్తే రుణ 15 వస్తుంది. ఆ రుణ గుర్తును చూసి కంగారుపడి కొట్టివేయకూడదు, ఎందుకంటే నీరు గట్టుకు 15 మీటర్ల కింద ఉందని చెబుతున్నది అదే. 75 మీటర్లంటే మన వైపు బోరు లోతే గానీ తవ్వుడు బావి లోతు కాదని పల్లె నుంచి వచ్చే ప్రతి పిల్లకూ తెలుసు. ఆ తెలివిని లెక్క దగ్గర కూడా వాడమని నేను పదేపదే చెబుతాను.

సమస్య: ప్రమాణాలు మార్చకుండానే లెక్క కట్టడం.

గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బస్సు బ్రేకు వేశాక సమ రుణత్వరణంతో, అంటే వేగం ఒకే తీరున తగ్గుతూ, 3 సెకన్లలో ఆగితే, అది 22.5 మీటర్లు కదులుతుంది. 81 వచ్చిందంటే ప్రమాణం మార్చలేదన్నమాట. 54ను 5తో గుణించి 18తో భాగించి, సెకనుకు 15 మీటర్లని రాసుకున్నాకే ముందుకు వెళ్లాలి.

సమస్య: శ్రేణిలో (ఒకదాని తర్వాత ఒకటిగా) కలిపిన 60, 100 వాట్ల బల్బుల్లో 100దే ఎక్కువ వెలుగుతుందని రాయడం.

బల్బు మీద రాసిన వాట్లు 230 వోల్టులు పూర్తిగా అందినప్పటి మాట. శ్రేణిలో ఆ వోల్టులు రెండింటికీ పంపకమవుతాయి, విద్యుత్ ప్రవాహం మాత్రం ఒక్కటే. కాబట్టి ముందు వోల్టుల వర్గాన్ని వాట్లతో భాగించి నిరోధాలు కట్టాలి: 60 వాట్లదానికి సుమారు 882 ఓమ్‌లు, 100 వాట్లదానికి 529. ప్రవాహం సమానమైనప్పుడు ఎక్కువ నిరోధం ఉన్నదే ఎక్కువ సామర్థ్యం తీసుకుంటుంది గనుక 60 వాట్ల బల్బే ప్రకాశవంతంగా వెలుగుతుంది. ఇక సమాంతర సంధానంలో 6, 3 ఓమ్‌లకు 2 రావలసిన చోట అర వస్తే, విలోమాల మొత్తాన్ని చివర్లో తలకిందులు చేయడం మరిచారని అర్థం.

సమస్య: తరంగాల లెక్కలో సమాధానం రెట్టింపు రావడం, లేదా పౌనఃపున్యం (సెకనుకు కంపనాల సంఖ్య) మారిపోవడం.

గుట్ట ఎదుట చప్పట్లు కొట్టిన 1.2 సెకన్లకు ప్రతిధ్వని వినిపిస్తే, ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లనుకుంటే గుట్ట దూరం 408 కాదు, 204 మీటర్లు. ధ్వని పోయి మళ్లీ రావాలి కదా. గాలిలోంచి నీటిలోకి వెళ్లినప్పుడు మారేది ధ్వని వేగం, దానితోపాటు తరంగదైర్ఘ్యం (ఒక తరంగం పొడవు). పౌనఃపున్యాన్ని ధ్వనిజనకమే నిర్ణయిస్తుంది కాబట్టి దాన్ని కదపకుండా లెక్క కట్టాలి: 500 హెర్ట్జ్‌ల ధ్వనికి గాలిలో తరంగదైర్ఘ్యం 0.68 మీటర్లు, వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లుండే నీటిలో 3 మీటర్లు.