సోలార్ తయారీ ప్రాజెక్టు ఎక్కడ ఆగిపోయింది? టెక్నాలజీ మేనేజర్‌కు సమస్య - పరిష్కారం

అమెరికా ఇంధన శాఖలో సోలార్ తయారీ ప్రాజెక్టులు చూసే టెక్నాలజీ మేనేజర్ ఫర్నేస్ ముట్టుకోడు, సెల్ తయారు చేయడు. ఒప్పందంలోని మైల్‌స్టోన్లు (గడువులోగా చేరాల్సిన మెట్లు), కంపెనీ పంపే నివేదికలు, ఫోన్ కాల్స్, వీలైనప్పుడు ఫ్యాక్టరీకి వెళ్లి చూడటం, ఇవే అతని పనిముట్లు. లోపం పుట్టేది తయారీ లైన్ మీదే అయినా, అతనికి దాని జాడ ముందు కాగితంలోనే దొరుకుతుంది. ఆ జాడను ఎలా చదవాలో చూద్దాం.

సమస్య: నివేదికల్లో ఎఫిషియెన్సీ పెరుగుతూనే ఉంది, పూర్తి సైజు మాడ్యూల్ మాత్రం రావడం లేదు

ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ఎఫిషియెన్సీ అంటే పడిన కాంతిలో కరెంటుగా మారే శాతం, మాడ్యూల్ అంటే చాలా సెల్స్ కలిపిన ప్యానెల్. ఇందులో మోసం చాలా అరుదు. కంపెనీ చూపిస్తున్నది బ్యాచ్‌లోకెల్లా మంచి సెల్‌ను, అదీ ఒక చదరపు సెంటీమీటరు కూడా లేనిదాన్ని. పెరోవ్‌స్కైట్ (సిలికాన్‌కు బదులు ఇంకులా పూయగల సోలార్ పదార్థం) ప్రాజెక్టుల్లో ఇది మరీ ఎక్కువ. చిన్న ముక్క మీద స్పిన్ కోటింగ్‌తో (గిరగిరా తిప్పుతూ పూయడం) పొర చక్కగా పడుతుంది. మీటరు వెడల్పు గాజు మీద ఆ పద్ధతి పనికిరాదు, స్లాట్ డై (సన్నని చీలిక గుండా ఇంకు పూయడం) లాంటి వేరే కోటింగ్‌కు మారాలి. ఆ మార్పుతో ఇంకు ఆరే తీరు మారిపోతుంది, పొరలో సన్నని రంధ్రాలు పడతాయి. పైగా వైశాల్యం పెరిగేకొద్దీ కరెంటు పారదర్శక వాహక పొరలో ఎక్కువ దూరం ప్రయాణించాలి, ఆ నిరోధం వల్ల కొంత పోతుంది. సెల్స్‌ను విడదీసి కలపడానికి లేజర్ గీసిన గీతల దగ్గర ఇంకొంత వైశాల్యం పోతుంది.

కొలతనూ అనుమానించాలి. పెరోవ్‌స్కైట్ సెల్‌లో వోల్టేజీని పైనుంచి కిందికి స్కాన్ చేస్తే ఒక అంకె, కిందినుంచి పైకి చేస్తే మరో అంకె రావచ్చు. అందుకే ఒక్క స్కాన్ ఫలితంతో తృప్తి పడకండి. స్థిరపడిన పవర్ ఎంతో అడగండి. లెక్కలోకి తీసుకున్నది మొత్తం వైశాల్యమా, కాంతి పడే కిటికీ వైశాల్యమా అని కూడా అడగండి.

పరిష్కారం మైల్‌స్టోన్ వాక్యంలోనే ఉంది. "ఇన్ని శాతం సాధిస్తాం" అన్న వాక్యం ఒక్క సెల్‌తో నెరవేరిపోతుంది. దానికి బదులు వరసగా తీసిన ఇన్ని మాడ్యూళ్లు, వాటి మధ్యస్థ విలువ ఇంత, కనిష్ఠం ఇంత, వైశాల్యం ఇంత, 25 డిగ్రీలు, చదరపు మీటరుకు 1000 వాట్ల కాంతి దగ్గర స్వతంత్ర ల్యాబ్ కొలవాలి అని రాయించండి. పాడైన మాడ్యూళ్ల డేటా కూడా ఆ పట్టికలో ఉండాలి. నన్నడిగితే ముందు చదవాల్సినది ఆ పాడైన వరుసలనే.

సమస్య: మైల్‌స్టోన్లన్నీ పూర్తయ్యాయి, ప్రాజెక్టు ఉన్నచోటే ఉంది

మైల్‌స్టోన్లుగా ఫలితాలు కాకుండా పనులు రాసుకున్నారు. "పరీక్షలు నిర్వహించడం" ఎప్పుడూ పూర్తవుతుంది. ప్రతి మైల్‌స్టోన్‌కు ఒక అంకె, దాన్ని రుజువు చేసే పద్ధతి ఉండాలి. బడ్జెట్ దశ చివర వచ్చే గో, నో-గో (కొనసాగించాలా, ఆపాలా) నిర్ణయానికి కూడా అంతే, పరిమితి ముందే రాసి ఉండాలి. టెక్నాలజీ రెడీనెస్ స్థాయి ఒక్కటే చూస్తే చాలదు. అది 1 నుంచి 9 వరకు సాంకేతికత పనిచేస్తుందా అన్నది చెబుతుంది. పదే పదే, తక్కువ వృథాతో తయారు చేయగలరా అన్నది తయారీ సంసిద్ధత స్థాయి చెప్పాలి.

సమస్య: ఐఈసీ సర్టిఫికెట్ ఉంది, మాడ్యూల్ ఎండలో పాడవుతోంది

ఐఈసీ అంటే అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ. మాడ్యూళ్ల పరీక్షలకు అది పెట్టిన ప్రమాణం ఐఈసీ 61215లో మైనస్ 40 నుంచి 85 డిగ్రీల మధ్య 200 ఉష్ణ చక్రాలు, 85 డిగ్రీలు 85 శాతం తేమలో 1000 గంటలు ఉంటాయి. తొలినాళ్లలో బయటపడే డిజైన్ లోపాలను అది చక్కగా పట్టుకుంటుంది. పాతికేళ్ల ఆయువుకు అది హామీ కాదు, ఆ ఉద్దేశంతో రాసిందీ కాదు. అందులోని అల్ట్రావయొలెట్ మోతాదు చదరపు మీటరుకు 15 కిలోవాట్ అవర్లే, ఎండ గట్టిగా ఉండే చోట కొద్ది నెలల్లో వచ్చేది.

ముందు ముడి సరుకుల జాబితా తెప్పించండి. సర్టిఫికెట్ తీసుకున్నాక ఎన్‌క్యాప్సులెంటో (సెల్స్‌ను కప్పి అతికించే పొర), బ్యాక్‌షీటో (వెనక పొర), ఫ్లక్సో (సోల్డరింగ్‌కు వాడే రసాయనం) మారి ఉండవచ్చు. మారితే మళ్లీ ఏ పరీక్షలు చేయాలో ఐఈసీ టీఎస్ 62915 చెబుతుంది. జాబితా మారకపోతే ఎలక్ట్రోల్యూమినిసెన్స్ ఫొటోలు (మాడ్యూల్‌కు కరెంటు ఇచ్చి అది వెలిగే తీరును తీసేవి) అడగండి. పగుళ్లు ఒక రకంగా కనిపిస్తాయి, వోల్టేజీ ఒత్తిడి వల్ల పవర్ తగ్గిపోయే పీఐడీ లోపం మరో రకంగా కనిపిస్తుంది.

సమస్య: ఖర్చు లెక్క బాగుంది, కొనేవాళ్లు లేరు

లెక్కలో లైన్ ఏడాది పొడవునా నడుస్తుంది, వృథా దాదాపు ఉండదు, పోటీదారు ధర ఈరోజు దగ్గరే ఆగిపోతుంది. మూడోదే అసలు ప్రమాదం. ప్రపంచంలో మొత్తం ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ మాడ్యూల్ ధర సుమారు 20 శాతం తగ్గుతూ వచ్చింది. 53.5 కోట్ల డాలర్ల ప్రభుత్వ రుణ హామీ పొందిన అమెరికా సోలార్ కంపెనీ సోలిండ్రా 2011లో దివాలా తీయడం వెనుక పోటీదారులు వాడే సిలికాన్ ధరలు కుప్పకూలడం పెద్ద కారణం. ఈ ఫ్యాక్టరీ తెరిచే ఏడాదికి పోటీదారు ధర ఎంత ఉంటుందో లెక్కలో పెట్టించండి. సెల్ మీద కరెంటు సేకరించే గీతలకు వాడే వెండి ధర, వృథా శాతం, లైన్ నడిచే సమయం, ఈ మూడింటినీ చెడ్డవైపు జరిపి మళ్లీ లెక్కించమనండి.

సమస్య: పరికరాలు రాలేదు

ఆర్డర్ తేదీ, తయారీదారు దగ్గర అంగీకార పరీక్ష తేదీ, కంపెనీ ఫ్యాక్టరీలో బిగింపు తేదీ వేర్వేరు మైల్‌స్టోన్లుగా పెట్టండి. జాప్యం ఏ మెట్టులో జరిగిందో అప్పుడే తెలుస్తుంది.

సమస్య: కంపెనీ నోరు మెదపడం లేదు

చెడు వార్త చెబితే నిధులు ఆగిపోతాయని భయం. గత కాల్‌లో లోపం చెప్పినప్పుడు మీ స్పందన ఎలా ఉందో గుర్తు చేసుకోండి. ఫలితం రాకపోయినా డేటా నిజాయితీగా ఉంటే పని పరిధి మార్చుకునే దారి ఉంటుందని ముందే చెప్పండి. అయితే ఒక హద్దు మరవకండి. ఒప్పందం షరతులు మార్చే అధికారం కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌దే, మీది కాదు. ఫోన్‌లో "సరే, ఆరు నెలలు తీసుకోండి" అంటే కంపెనీ దాన్ని నమ్మి జీతాలు ఖర్చు పెడుతుంది, తర్వాత ఆ డబ్బు తిరిగి రాకపోవచ్చు. మార్పు అవసరమనిపించిన రోజే కారణాన్ని రాతలో పెట్టి ఆఫీసర్‌కు పంపండి. నో-గో చెప్పాల్సి వచ్చినా అంతే, ముందే రాసుకున్న అంకెను, కొలిచిన అంకెను పక్కపక్కన పెట్టి, దశ ముగిసేలోగా చెప్పండి. ఇంకో త్రైమాసికం చూద్దామని సాగదీస్తే ఆ ఇంజినీర్లు వేరే దారి వెతుక్కోవడానికి ఉన్న సమయం కూడా పోతుంది.