ప్యూర్టో రీకో: పంట మనది, పాయింట్లు పక్కవాళ్లవి అవుతుంటే

ప్యూర్టో రీకో అనే బోర్డు గేమ్ నాలుగైదుసార్లు ఆడి, రోల్స్ (వంతు వచ్చినప్పుడు ఎంచుకునే పాత్రలు) అన్నీ తెలిసి, అయినా ప్రతిసారీ ఆఖరున మిగిలిపోతున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

సరుకే రావడం లేదు

ముందు మీ బోర్డు మీద గుండ్రటి గళ్లు చూడండి. తోటలో ఒక కలోనిస్ట్ (పనిచేసే మనిషి బిళ్ల), దానికి తగ్గ మిల్లులో ఇంకో కలోనిస్ట్ ఉండాలి. ఏది ఖాళీగా ఉన్నా సరుకు సున్నా. మొక్కజొన్నకు ఒక్కదానికే మిల్లు అక్కర్లేదు. మూడు చక్కెర తోటల్లోనూ మనుషులుంటారు, మిల్లులో మాత్రం ఒక్కరే. వచ్చేది ఒక్క పీపా! ఇది ఎన్ని ఆటల్లో చూశానో లెక్కలేదు. మేయర్ (కలోనిస్టులను పంచే రోల్) వచ్చిన ప్రతిసారీ కలోనిస్టులందర్నీ ఎత్తి కొత్తగా సర్దుకోవచ్చు, పాతవాళ్లు అక్కడే ఉండాలన్న రూలు లేదు. దయచేసి ఇది చూసుకున్నాకే కిందిది చదవండి.

సరుకు వస్తోంది, పాయింట్లు రావడం లేదు

నన్ను ఎక్కువసార్లు ముంచింది ఇదే. తప్పు తోటల్లో ఉండదు, కూర్చున్న వరసలో ఉంటుంది. క్రాఫ్ట్స్‌మన్ (అందరికీ సరుకు తెచ్చే రోల్) తీసుకుంటే మీకు అదనంగా దక్కేది ఒక్క పీపా. ఆ వెంటనే రోల్ ఎంచుకునేది మీ ఎడమవైపు వాళ్లు. అందరి దగ్గరా సరుకు నిండుగా ఉన్న సమయంలో కెప్టెన్‌నో (సరుకు ఓడలకెక్కించి పాయింట్లు తెచ్చే రోల్) ట్రేడర్‌నో (సరుకు అమ్మే రోల్) తీసే అవకాశం వాళ్ల చేతికి మీరే ఇచ్చినట్టు. పైగా అక్కడి నుంచి వంతు తిరిగి తిరిగి మీ దగ్గరికి వచ్చేది అందరి తర్వాతే.

ఒకసారి నలుగురం ఆడుతున్నాం. ఓడలు 5, 6, 7 పీపాలవి, మూడూ ఖాళీ. నేను క్రాఫ్ట్స్‌మన్ తీశాను. 3 మొక్కజొన్న, బోనస్‌తో కలిపి 4 చక్కెర వచ్చాయి. ఎడమవైపు అతను కెప్టెన్ తీసి 3 నీలిమందు పీపాలు పెద్ద ఓడలో ఎక్కించాడు. తర్వాతి ఆవిడ ఒక్కటంటే ఒక్క కాఫీ పీపాను 5 ఓడలో పెట్టింది. మూడో అతను 4 మొక్కజొన్న పీపాలు 6 ఓడలో వేశాడు. ఓడకు ఒకే రకం కాబట్టి నా చక్కెరకు ఎక్కడా చోటు లేదు. మిగిలిన రెండు గళ్లలో 2 మొక్కజొన్న పెట్టాను. గోదాము లేదు, ఒక చక్కెర పీపా మాత్రం దాచుకోగలిగాను. మిగతా నాలుగూ పోయాయి. నాకు 2 పాయింట్లు, కెప్టెన్‌కు 3కి 1 కలిపి 4.

కాబట్టి క్రాఫ్ట్స్‌మన్ కార్డు ముట్టుకునే ముందు కెప్టెన్, ట్రేడర్ ఈ రౌండులో అయిపోయాయేమో చూడండి. అయిపోతే తర్వాతి రౌండు గవర్నర్ ఎవరో చూడండి, మొదట ఎంచుకునేది వాళ్లే. ఎడమవైపు తోటల్లో ఏం పండుతోంది? మీ రకమే అయితే ట్రేడింగ్ హౌస్‌లోనూ వాళ్లే ముందు అమ్మేస్తారు. ఆఫీసు భవనం లేకపోతే అక్కడ ఒకే రకం రెండోసారి అమ్మలేం. మీ సరుకు ఎక్కిన ఓడలో ఖాళీ గళ్లు ఎన్ని? ఏదీ అనుకూలంగా లేదంటే బిల్డరో సెట్లరో తీసుకుని ఆగండి. ఎవరూ తీయని రోల్ మీద రౌండుకో డబ్లూన్ (ఆటలోని నాణెం) చేరుతుంది. క్రాఫ్ట్స్‌మన్ మీద రెండు చేరాక ఎవరో ఒకరు ఆశపడతారు. ఆ ఒకరు మీ కుడివైపు వాళ్లయితే ఇంక ఆలోచించకండి, కెప్టెన్ మీది.

చిన్న గోదాము కొంటే చాలదా అని అడుగుతారు. ఒక రకం సరుకు మిగులుతుంది, నిజమే. కానీ దాచిన సరుకు పాయింటు కాదు, మళ్లీ ఓడ దొరకాలి. 9 డబ్లూన్ల వార్ఫ్ ఉంటే వేరే సంగతి, సొంత ఓడ ఉన్నట్టే.

డబ్బు చాలడం లేదు

క్వారీలు (భవనాల ఖర్చు తగ్గించే రాతి గనులు) ఆలస్యంగా తీసుకుని ఉంటారు, లేదా వాటి మీద కలోనిస్ట్‌ను పెట్టి ఉండరు.

పెద్ద భవనానికి బోనస్ రాలేదు

ఆట ముగిసేసరికి అందులో మనిషి లేడు. కట్టినందుకు 4 పాయింట్లు వస్తాయి, అంతే. ఆఖరి మేయర్‌ను వదలకండి.

ఆట మరీ త్వరగా ముగుస్తోంది

చాలా అరుదు. మొదట్లో పాయింట్ల చిప్స్ లెక్క తప్పి ఉంటుంది: ముగ్గురికి 75, నలుగురికి 100, ఐదుగురికి 122 పాయింట్లు.