పర్లాకిమిడి చిన్న రైలు నమూనా: పోలిక కుదరకపోయినా, పట్టా తప్పినా, మధ్యలో ఆగినా ఏం చూడాలి?

నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలై, 1931 నాటికి గుణుపురం చేరి, 2004లో గేజ్ (పట్టాల మధ్య దూరం) మార్పిడి కోసం ఆగిపోయిన 762 మి.మీ. గేజ్ చిన్న రైలును ఇంట్లో నమూనాగా కట్టదలచిన గజపతి, రాయగడ జిల్లాల తెలుగువారి కోసం ఈ వివరాలు రాస్తున్నాను. బ్రాడ్‌గేజ్ కట్టేవారికీ ఇవి చాలావరకు వర్తిస్తాయి. ఏ లోపం కనిపించినా ముందుగా తేల్చవలసింది తప్పు పట్టాదా, బండిదా అన్నది. అది తేలకుండా స్క్రూలు విప్పితే బాగున్న భాగం కూడా చెడుతుంది.

లక్షణం: పెట్టె చక్కగా కుదిరినా, పట్టాల మీద నిలబెడితే పోలిక చెడుతోంది

ఇది కొలతల్లో పుట్టిన లోపం కనుక, రంగులు ఎంత బాగా వేసినా పోదు. బజారులో దొరికే హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు నమూనా) పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. 1:87 స్కేలులో అది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కు సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. కాబట్టి అదే స్కేలులో 19.3 మి.మీ. ఉండాలి. ఈ 2.8 మి.మీ. లోటు వల్ల, 37 మి.మీ. వెడల్పు వచ్చే ఐసీఎఫ్ (చెన్నై రైలు పెట్టెల కర్మాగారం) పెట్టె కింద చక్రాలు బాగా లోపలికి పోయినట్టు కనబడి, పెట్టె ఎప్పుడు పడుతుందా అన్నట్టు ఉంటుంది. దీనికి నికరమైన పరిష్కారం 19.3 మి.మీ. పట్టాను స్వయంగా పరచుకోవడమే. అంత ఓపిక లేనివారు 16.5 మి.మీ. పట్టానే ఉంచి, చూసేవారి వైపు ప్లాట్‌ఫారమ్ వచ్చేలా లేఅవుట్ అమర్చుకుంటే లోటు చాలావరకు మరుగున పడుతుంది. పట్టాకు సరిపెట్టాలని పెట్టె వెడల్పు తగ్గించడం మాత్రం ఒక తప్పును రెండు చేసుకోవడమే అవుతుంది.

చిన్న రైలు విషయంలో లెక్క మనకు కలిసివస్తుంది. 762ను 87తో భాగిస్తే 8.76 వస్తుంది కాబట్టి, ఎన్ స్కేలు కోసం తయారయ్యే 9 మి.మీ. పట్టా దాదాపు అతికినట్టు సరిపోతుంది. అయితే దాని స్లీపర్లు 1:160 స్కేలువి కావడంతో పొట్టిగా, సన్నగా, మరీ దగ్గరగా ఉండి చూడగానే పట్టిస్తాయి. అసలు చిన్న రైలు చెక్క స్లీపరు పొడవు 1.5 మీటర్లు, వెడల్పు 18 సెం.మీ. కనుక, 17 మి.మీ. పొడవు, 2 మి.మీ. వెడల్పు ఉన్న చెక్క ముక్కలు కోసుకుని, వాటిని కాస్త ఎడం ఎడంగా వేసుకోవాలి.

వంపుల విషయంలోనూ చిన్న రైలుదే పైచేయి. భారతీయ రైల్వే నిబంధనల ప్రకారం బ్రాడ్‌గేజ్‌లో వంపు 10 డిగ్రీలకు మించకూడదు, అంటే వ్యాసార్ధం 175 మీటర్లకు తగ్గకూడదు. దాన్ని 1:87లోకి మార్చినా 2 మీటర్లు కావాలి. 762 మి.మీ. గేజ్‌కు 40 డిగ్రీల వరకు, అంటే 44 మీటర్ల వ్యాసార్ధం వరకు అనుమతి ఉంది కాబట్టి నమూనాలో 50 సెం.మీ. చాలు. మామూలు ఇంటి గదిలో కొలత చెడకుండా కట్టగలిగేది చిన్న రైలేనని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

లక్షణం: బండి పట్టా తప్పుతోంది

అన్ని బండ్లూ ఒకేచోట పడుతుంటే తప్పు పట్టాది. ఒకే బండి అన్నిచోట్లా పడుతుంటే తప్పు బండిది. ఒకే బండి ఒకేచోట పడుతుంటే మాత్రం రెండింటిలోనూ కొద్దికొద్దిగా తేడా ఉండి, రెండూ కలిసినచోట బయటపడుతోందని అర్థం. ఎక్కువగా ఎదురయ్యేది, ఎక్కువ విసిగించేది ఈ మూడోదే.

పట్టాను చూడడానికి గదిలో వెలుతురు తగ్గించి, పట్టాకు అవతల దాని ఎత్తులోనే ఒక టార్చి పెట్టి, ఇవతల కన్ను పట్టా ఎత్తుకు దించి, బోగీని (పెట్టె కింద చక్రాలుండే చట్రాన్ని) వేలితో మెల్లగా తోయాలి. చక్రం పట్టా మీది నుంచి లేచేచోట కింద సన్నని వెలుగు గీత కనిపిస్తుంది. అది అతుకు దగ్గర కనిపిస్తే పట్టా లోపలి అంచును గోటితో తడిమి చూడండి. పట్టాను కోసినప్పుడు మిగిలిన ముల్లు గోటికి తగిలితే సన్నని ఆకురాయితో రెండు మూడుసార్లు రుద్దితే చాలు. పర్లాకిమిడిలో కొమ్ముపని చేసేవారు వాడే సన్న ఆకురాళ్లు ఈ పనికి అక్కరకొస్తాయి. అతుకు వంపులో పడి పట్టా కోణంగా విరిగినట్టు ఉంటే ఆకురాయితో లాభం లేదు. రెండు ముక్కలను తిన్నగా ఉండగానే సోల్డర్ చేసి, ఆ తరువాతే వంచి పరచాలి.

బండి వైపు మొదట చూడవలసింది ఒకే ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం. 16.5 మి.మీ. పట్టాకు అది సుమారు 14.4 మి.మీ. ఉండాలి, 9 మి.మీ. పట్టాకు చక్రాల తయారీదారు ఇచ్చిన కొలతను వెర్నియర్‌తో సరిచూసుకోవాలి. అది సరిగా ఉన్నా బండి పడుతుంటే బోగీల బిగింపు చూడాలి. రెండింటినీ గట్టిగా బిగిస్తే పట్టాలో ఏ చిన్న ఎగుడుదిగుడు వచ్చినా ఒక చక్రం గాలిలో ఉంటుంది. ఒక బోగీ పక్కలకు ఒరగకుండా, ముందుకీ వెనక్కీ మాత్రమే ఊగేలా బిగించి, రెండోదాన్ని అన్నివైపులా కదిలేలా వదులు చేస్తే, మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కుదురుగా నిలిచినట్టు పెట్టె నిలుస్తుంది. బరువు చాలకపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. హెచ్‌ఓ బండ్లకు అమెరికాలోని నమూనా రైళ్ల సంఘం ఎన్ఎంఆర్ఏ సూచించినది 28 గ్రాములు, దానికి తోడు పొడవులో ప్రతి అంగుళానికి 14 గ్రాములు. ఆ లెక్కన 245 మి.మీ. పొడవు వచ్చే ఐసీఎఫ్ పెట్టె సుమారు 165 గ్రాములు తూగాలి. అదనపు బరువును ఎప్పుడూ నేల మీదే అతికించాలి, కప్పులో కాదు.

లక్షణం: ఇంజను తటపటాయిస్తోంది, లేదా పాయింట్ల (పట్టా రెండుగా చీలేచోట్ల) మీద ఆగిపోతోంది

అన్నిచోట్లా తటపటాయిస్తే పట్టా, చక్రాలు రెండూ మురికిపట్టాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలుగుడ్డతో తుడవండి. గరుకు కాగితంతో రుద్దకండి, ఆ గీతల్లోనే మురికి మళ్లీ చేరుతుంది. దూరం పోయేకొద్దీ వేగం తగ్గుతుంటే, ఇంజను నడుస్తుండగానే పట్టా రెండు చివర్లా మల్టీమీటరుతో వోల్టేజి చూడాలి. తేడా కనబడితే కరెంటు జాయినర్లలో (పట్టా ముక్కలను కలిపే రేకుల్లో) పోతోందని తెలుస్తుంది కాబట్టి, ప్రతి మీటరుకూ ఒక జత తీగలు అడుగు నుంచి పట్టాలకే సోల్డర్ చేయాలి. పాయింటు మధ్యలోనే ఆగితే, అక్కడి ప్లాస్టిక్ ఫ్రాగ్‌కు (పట్టాలు ఒకదాన్నొకటి దాటేచోటి ముక్కకు) కరెంటు అందడం లేదు. చిన్న రైలు ఇంజన్ల చక్రాలు దగ్గరదగ్గరగా ఉండడం వల్ల వాటికి ఈ బాధ ఎక్కువ. లోహపు ఫ్రాగ్ ఉన్న పాయింటు వేసి, అది తిరిగే దిశను బట్టి ధ్రువం మార్చే స్విచ్ పెట్టడమే దీనికి మందు.

లక్షణం: వానాకాలంలో బాగా నడిచిన లేఅవుట్ వేసవిలో పట్టాలు వంకరపోతోంది

ముసురులో ఉబ్బిన ప్లైవుడ్ వేసవిలో ముడుచుకుంటుంది, పట్టా మాత్రం ఎండకు సాగుతుంది. పట్టాకు చోటు లేక పక్కకు పొంగుతుంది. ప్లైవుడ్‌కు అడుగుభాగం, కోసిన అంచులతో సహా వార్నిష్ పట్టించాలి. పట్టా వానాకాలంలో పరిస్తే కొన్ని అతుకులు సోల్డర్ చేయకుండా అర మిల్లీమీటరు సందు వదలాలి. ఎండాకాలంలో పరిస్తే అంత అవసరం లేదు. సోల్డర్ చేయని ఆ అతుకుల రెండు పక్కలా విడివిడిగా తీగలు ఇవ్వాలి.

లక్షణం: ఎత్తు మొదలయ్యేచోట పెట్టెలు విడిపోతున్నాయి

కప్లింగుల (పెట్టెలను కలిపే కొక్కేల) ఎత్తు ఒకటే అయినా ఇలా జరుగుతుంటే, చదును నుంచి ఎత్తుకు పట్టా ఒక్కసారిగా విరుగుతోందని అర్థం. అన్నింటిలోకీ పొడవైన పెట్టె ఎంత పొడవుంటే కనీసం అంత దూరంలో ఆ మార్పును మెల్లగా తేవాలి.