రాత లెక్కకు చిన్న చిట్కా: చివరి ప్రశ్న తీసేయండి

రాత లెక్క (మాటల్లో ఇచ్చే లెక్క) ఇస్తే చాలు, చదవకముందే "సార్, కూడాలా, గుణించాలా?" అంటారు పిల్లలు. లెక్క చివర ఉండే ప్రశ్న తీసేసి, మిగతాది బోర్డు మీద రాసి చూడండి.

"దేవరకొండ రైతు 12 క్వింటాళ్ల పత్తి క్వింటా 7,000 చొప్పున అమ్మిండు. ట్రాలీ కిరాయి 2,500."

ఏమేం అడగొచ్చో 5 నిమిషాల్లో రెండు ప్రశ్నలు రాయమనండి, తర్వాత ఒకటి చేయమనండి. కిరాయి పోను మిగిలింది 81,500 అని ఎవరో ఒకరు పట్టుకుంటారు. "విత్తనాలకెంత ఖర్చయింది?" అని రాస్తే కొట్టేయొద్దు, దానికి ఇంకే వివరం కావాలో అడగండి, అసలు ఆలోచన అక్కడే బయటపడుతుంది. 5 మార్కుల్లో ప్రశ్నలకు 2, పద్ధతికి 2, జవాబుకు 1.

చదవడం సరిగ్గా రాని పిల్లలకు ఇది ఇలాగే ఇస్తే పనిచేయదు. రెండుసార్లు మీరే పైకి చదివి వినిపించండి. లేకపోతే లెక్కకు కాదు, చదువుడుకు మార్కులు వేసినట్టవుతుంది.